ఒకే నంబరు ఇద్దరికి రాకూడదంటే... క్లోజర్‌స్క్రిప్ట్‌లో ఐడీల తయారీ, ఓ ఉగాది కూపన్ పాఠం

కొన్నేళ్ల కిందట టొరంటో పరిసరాల్లో ఓ ఉగాది వేడుక. భోజనాల కూపన్ల పేజీ రాసింది నేనే, క్లోజర్‌స్క్రిప్ట్‌లో. ఒక్కో కుటుంబానికి నాలుగంకెల నంబరు, దానికో క్యూఆర్ కోడ్. నంబర్లు వరుసగా ఇస్తే పక్కవాళ్ల నంబరు ఎవరైనా ఊహించేస్తారని రాండమ్‌గా ఇచ్చాను. మొత్తం 260 కుటుంబాలు. పదివేల నంబర్లున్నాయి, 260 మందికి చాలవా అనుకున్నాను.

చాలలేదు. పులిహోర లైను దగ్గర వాలంటీర్ కుర్రాడు ఓ పెద్దావిడ కూపన్ స్కాన్ చేసి, "ఇది వాడేశారండీ" అన్నాడు. ఆమె రాజమండ్రి నుంచి మనవడి కోసం వచ్చిన బామ్మగారు. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కొడుకు వచ్చి గొడవపడ్డాడు, లైన్లో వెనకున్నవాళ్లు చూశారు. అరగంట తర్వాత ఇంకో కుటుంబానికీ అదే మాట. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే ఒకే నంబరు రెండేసి కుటుంబాలకు వెళ్లింది. తప్పు కుర్రాడిది కాదు, నాది.

ఇది మనలో చాలామందికి పనికొచ్చే విషయం. కెనడాలో సంఘం వెబ్‌సైట్, బాలవికాస్ క్లాసుల రిజిస్ట్రేషన్, బతుకమ్మ టికెట్లు, చిట్టీల లెక్క... ఇవన్నీ ఎవరో ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆదివారం కూర్చుని రాసేవే. అందుకే ఐడీలు ఎలా పుట్టించాలో వివరంగా రాస్తున్నాను. కోడింగ్ తెలియనివాళ్లకు కూడా మొదటి సగం అర్థమవుతుంది.

పుట్టినరోజుల లెక్క

ఒక గదిలో 23 మంది ఉంటే వాళ్లలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే, 50.7 శాతం. రోజులు 365 ఉన్నా 23 మందికే ఇలా అవుతుంది. ఎందుకంటే మనం ఒక మనిషిని మిగతా వాళ్లతో పోల్చడం లేదు, ప్రతి జంటనీ పోలుస్తున్నాం. 23 మందిలో 253 జంటలుంటాయి.

నా కూపన్లకు ఇదే లెక్క వేస్తే 260 కుటుంబాల్లో 33,670 జంటలు. నంబర్లు పదివేలు. కనీసం ఒక్క జంటైనా ఢీకొనే అవకాశం నూటికి 96కి పైగా. అంటే ఆ రోజు గొడవ జరగడం వింత కాదు, జరగకపోతేనే వింత. ఆరంకెలు పెట్టి ఉంటే ఆ అవకాశం సుమారు 3 శాతానికి తగ్గేది. వెయ్యి కుటుంబాలకు అదే ఆరంకెలు వాడితే మళ్లీ 39 శాతానికి ఎక్కేది. ఉజ్జాయింపు సూత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. మొత్తం నంబర్ల వర్గమూలం దగ్గరకు మీ జనం సంఖ్య చేరుతుంటే ప్రమాదం మొదలైనట్టే. పదివేలకు వర్గమూలం వంద, పది లక్షలకు వెయ్యి.

యూయూఐడీ అని మనం పిలిచే 36 అక్షరాల పొడుగాటి ఐడీ ఈ లెక్కను తలకిందులు చేయడానికే ఉంది. దానిలో నాలుగో రకంలో 128 బిట్లుంటాయి. ఆరు బిట్లు రకం చెప్పడానికి పోతాయి, 122 బిట్లు పూర్తిగా రాండమ్. సెకనుకు వంద కోట్ల చొప్పున ఆపకుండా పుట్టించినా, ఒక్క ఢీ పడే అవకాశం సగానికి చేరడానికి దాదాపు 86 ఏళ్లు పడుతుంది. ఏ కేంద్ర కార్యాలయాన్నీ అడగకుండా ఎవరికి వారు నంబరు వేసుకోవచ్చన్నదే దీని గొప్పతనం. ఈ ఆలోచన 1980ల్లో అపోలో కంప్యూటర్ సంస్థ నుంచి వచ్చింది. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4122గా, 2024 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9562గా ప్రమాణం అయింది.

నంబరులో అర్థం ఉండాలా?

కెనడాకు చదువుకోవడానికో వర్క్ పర్మిట్ మీదో వచ్చిన ప్రతి తెలుగు కుర్రాడికీ, అమ్మాయికీ మొదట వచ్చే సిన్ నంబరు 9తో మొదలవుతుంది. తాత్కాలిక నివాసి అని దాని అర్థం. పీఆర్ వచ్చాక కొత్త సిన్ తీసుకోవాలి. దాంతో బ్యాంకుకూ, ఉద్యోగానికీ, పన్నుల వాళ్లకూ అందరికీ మళ్లీ చెప్పుకోవాలి. మనిషి ఒక్కడే, నంబర్లు రెండు. 1964లో మొదలైన ఈ తొమ్మిదంకెల నంబరులో మొదటి అంకె ఎక్కడ జారీ అయిందో కూడా చెబుతుంది. 4, 5 అంటే ఎక్కువగా ఒంటారియో, 7 అంటే బ్రిటిష్ కొలంబియా వైపు. మీరు వాంకూవర్ నుంచి బ్రాంప్టన్‌కు మారినా అంకె మారదు, కాబట్టి కొన్నాళ్లకు అది చెప్పేది పాత కబురే.

మన ఊళ్లో బండి నంబర్లకూ ఇదే జరిగింది. ఏపీ 09 అని హైదరాబాద్‌లో తిరిగిన బండ్లకు 2014 తర్వాత టీఎస్ వచ్చింది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బండ్లు పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి. నంబరులో చరిత్ర పెడితే చరిత్ర మారినప్పుడల్లా ఇబ్బందే.

ఆధార్ రూపొందించినవాళ్లు ఇది ఆలోచించే చేశారు. 12 అంకెల్లో ఊరు లేదు, రాష్ట్రం లేదు, పుట్టిన తేదీ లేదు. రాండమ్ అంకెలు, చివర ఒక సరిచూసుకునే అంకె. ఆ చివరి అంకెకు వెర్‌హోఫ్ పద్ధతి వాడారు. ఒక్క అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. కెనడా సిన్‌లో ఉన్నది లూన్ పద్ధతి, మన క్రెడిట్ కార్డుల్లో ఉన్నదే. అదీ మంచిదే గానీ 09ని 90గా రాస్తే మాత్రం దానికి తెలియదు. మీ సొంత అప్లికేషన్‌లో మాత్రం ఆధార్ దారే పట్టండి. సభ్యుడి ఐడీలో చేరిన సంవత్సరం, ఊరి కోడ్, కుటుంబం వరుస ఇరికించకండి. వాటికి వేరే కాలమ్‌లున్నాయి.

మాంట్రియల్ కేసినో కథ

రాండమ్ అన్నంత మాత్రాన రాండమ్ అయిపోదు. దీనికి కెనడాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1994లో మాంట్రియల్ కేసినోలో ఒక ఆటగాడు కీనో ఆటలో వరుసగా మూడుసార్లు 20 గెలుపు నంబర్లలో 19 సరిగ్గా చెప్పాడు. 6,20,000 డాలర్లు గెలిచాడు. మోసమేమో అని విచారణ జరిపితే తేలింది వేరు. యంత్రం ప్రతిరోజూ ఒకే విత్తనంతో, అంటే ఒకే ప్రారంభ సంఖ్యతో లెక్క మొదలుపెడుతోంది. దాంతో నంబర్ల వరుస మళ్లీ మళ్లీ అదే వస్తోంది. అతనికి డబ్బు ఇచ్చేశారు.

కంప్యూటర్‌లోని మామూలు రాండమ్ అంటే ఇదే. ఒక విత్తనం, దాని మీద ఒక గుణకారమో బిట్ల తిప్పుడో. విత్తనం తెలిస్తే పంట మొత్తం తెలిసిపోతుంది. అందుకే మ్యాథ్.రాండమ్ వేరు, క్రిప్టో అనే పేరుతో బ్రౌజర్ ఇచ్చే రాండమ్ వేరు. రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసిన ఊహించలేని సమాచారం మీద ఆధారపడుతుంది.

మ్యాథ్.రాండమ్ చరిత్ర కూడా అంత బాగాలేదు. క్రోమ్‌లోని వీ8 ఇంజన్ 2015 దాకా ఎండబ్ల్యూసీ1616 అనే పాత పద్ధతి వాడింది. ఎంత బాగా నడిచినా 2 ఘాతం 32, అంటే సుమారు 430 కోట్ల విలువలకు మించకుండానే మళ్లీ మొదటికి వచ్చేది. దాని మీద నమ్మకంతో పొడుగాటి ఐడీలు పుట్టించిన ఒక కంపెనీ ఇంజనీర్లకు అవి ఢీకొని కనిపించాయి, ఆ అనుభవాన్ని వాళ్లు 2015 నవంబర్‌లో బయటపెట్టారు. ఐడీ ఎంత పొడుగున్నా, దాన్ని పుట్టించే యంత్రం కడుపులో 32 బిట్లే ఉంటే అది 32 బిట్ల ఐడీయే. ఆ డిసెంబర్‌లోనే వీ8 బృందం ఎక్సార్‌షిఫ్ట్128 ప్లస్ అనే పద్ధతికి మారుతున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు వరుస తిరిగిరావడం గురించి భయం లేదు. కానీ కొన్ని వరుస విలువలు చేతికొస్తే తర్వాతివి లెక్కకట్టే వీలు ఇప్పటికీ ఉంది. అది భద్రత కోసం కాదని వీ8 బృందమే చెప్పింది.

ఇక క్లోజర్‌స్క్రిప్ట్

రిచ్ హికీ 2007లో క్లోజర్ భాషను బయటకు తెచ్చారు, 2011లో దాన్ని జావాస్క్రిప్ట్‌గా మార్చే క్లోజర్‌స్క్రిప్ట్ వచ్చింది. క్లోజర్ జావా యంత్రం మీద నడుస్తుంది. ఆ జావా సృష్టికర్త జేమ్స్ గాస్లింగ్ కాల్గరీలో చదువుకున్న కెనడియన్ అన్నది ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే మాట.

రెండింట్లోనూ రాండమ్-యూయూఐడీ అనే ఫంక్షన్ ఉంది. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. సర్వర్ మీద క్లోజర్‌లో (1.11 వెర్షన్ నుంచి, 2022) అది జావా వారి సురక్షిత రాండమ్‌ను పిలుస్తుంది. బ్రౌజర్‌లో క్లోజర్‌స్క్రిప్ట్ 1.10, 1.11 సోర్సు తెరిచి చూస్తే అది ర్యాండ్-ఇంట్‌ను పిలుస్తుంది, ర్యాండ్-ఇంట్ మ్యాథ్.రాండమ్‌ను పిలుస్తుంది. చూడ్డానికి రెండు ఐడీలూ ఒకేలా ఉంటాయి. మీ ప్రాజెక్టులో ఉన్న వెర్షన్‌లో ఏముందో సోర్సు చూసి నిర్ధారించుకోండి, రెండు నిమిషాల పని.

వేగం విషయంలో అక్కడ ఓ చిన్న ముచ్చట ఉంది. మొదట్లో ఆ ఫంక్షన్ ఒక్కో హెక్స్ అక్షరానికీ ఒకసారి ర్యాండ్-ఇంట్‌ను పిలిచేది. 32 అక్షరాల్లో రకం చెప్పే 4 ఒక్కటీ తీసేస్తే 31 పిలుపులు. తర్వాత 65,536 లోపు సంఖ్య ఒకటి తీసి నాలుగు అక్షరాలు ఒకేసారి చేసేలా మార్చారు. ఎనిమిది పిలుపులతో పని అయిపోతుంది. తక్కువ సార్లు అడుగు, అడిగినప్పుడు ఎక్కువ తీసుకో. బియ్యం కిలో కిలో కాకుండా బస్తా తెచ్చుకున్నట్టు. ఐడీల వేగానికి సంబంధించి మిగతా అన్ని చిట్కాలూ దీని మీదే నిలబడతాయి.

నేను ఇప్పుడు చేసేది ఇది. బ్రౌజర్‌లో క్రిప్టో.రాండమ్‌యూయూఐడీ ఉంటే దాన్నే పిలిచి, వచ్చిన స్ట్రింగ్‌ను క్లోజర్‌స్క్రిప్ట్ యూయూఐడీ ఫంక్షన్‌లో చుడతాను. అది క్రోమ్ 92, ఫైర్‌ఫాక్స్ 95, సఫారీ 15.4 నుంచి ఉంది. పని అంతా బ్రౌజర్ లోపలే జరుగుతుంది కాబట్టి మనం చేత్తో కుట్టే దేనికన్నా సాధారణంగా వేగం. చుట్టడం ఎందుకంటే క్లోజర్‌స్క్రిప్ట్‌లో ఉత్త స్ట్రింగ్, యూయూఐడీ వస్తువు సమానం కావు. ఒకచోట స్ట్రింగ్, ఇంకోచోట యూయూఐడీ పెడితే మ్యాప్‌లో వెతికినప్పుడు దొరకదు. ఈ బగ్ వెతకడానికి నాకో శనివారం పూర్తిగా పోయింది.

ఒక ఉచ్చు ఉంది. ఈ ఫంక్షన్ సురక్షిత పేజీల్లోనే, అంటే హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంటుంది. లోకల్‌హోస్ట్ ఫరవాలేదు. కానీ ఇంట్లో వైఫై మీద 192.168 అడ్రసుతో ఫోన్‌లో పరీక్షిస్తే మాయమవుతుంది. ల్యాప్‌టాప్‌లో పనిచేసింది, ఫోన్‌లో పనిచేయట్లేదు అని తల పట్టుకునేది ఇక్కడే. అడ్వాన్స్‌డ్ కంపైల్‌లో పేరు మారిపోకుండా టైప్ సూచన ఇవ్వడం కూడా మరవకండి.

ఆ ఫంక్షన్ లేనిచోట గెట్‌రాండమ్‌వాల్యూస్ వాడాలి, అది మామూలు పేజీల్లోనూ ఉంటుంది. 16 బైట్లు తీసుకోండి. సున్నా నుంచి లెక్కపెడితే 6వ బైట్‌ను 15తో బిట్-అండ్ చేసి 64తో బిట్-ఆర్ చేయండి. 8వ బైట్‌ను 63తో బిట్-అండ్, 128తో బిట్-ఆర్. ఆ ఆరు బిట్లే "ఇది నాలుగో రకం" అని చెప్పే ముద్ర. ప్రతి బైట్‌ను ప్రతిసారీ హెక్స్‌గా మార్చకుండా, 00 నుంచి ఎఫ్ఎఫ్ దాకా 256 జంటల పట్టిక ఒకసారి తయారుచేసి పెట్టుకోండి. ఐడీలు వేలల్లో కావాలంటే ఒకేసారి 4,096 బైట్లు తెచ్చుకుంటే 256 ఐడీలకు సరిపోతాయి. ఒక్క పిలుపులో 65,536 బైట్లకు మించి అడిగితే బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుంది.

నిజం చెప్పాలంటే సంఘం వెబ్‌సైట్‌కు ఈ బస్తా పద్ధతి అక్కర్లేదు. 260 కూపన్లకు వేగం ఎవరికి కావాలి? రెండు లక్షల వరుసలున్న ఎక్సెల్ ఫైలు బ్రౌజర్‌లోకి ఎక్కించేటప్పుడు కావాలి. ముందు కొలిచి చూడండి, తర్వాత మార్చండి.

బామ్మగారు చదవగలిగే నంబరు

36 అక్షరాల ఐడీని ఫోన్‌లో చదివి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చిన్న కోడ్ కావాలి. ఇక్కడ కెనడా పోస్టల్ కోడ్ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. అందులో డి, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అక్షరాలు ఎక్కడా వాడరు. ఓ సున్నాలా, ఐ ఒకటిలా కనిపించి యంత్రాలూ మనుషులూ పొరబడకూడదని. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రూపొందించిన 32 గుర్తుల అక్షరమాలలోనూ ఐ, ఎల్, ఓ, యూ ఉండవు. పది అంకెలు, 22 అక్షరాలు. ఎనిమిది గుర్తుల కోడ్ చేస్తే 40 బిట్లు, సుమారు 1.1 లక్షల కోట్ల కోడ్‌లు. వెయ్యి కూపన్లలో ఢీ పడే అవకాశం 22 లక్షలకు ఒకటి.

32 అనే సంఖ్య ఊరికే ఎంచలేదు. ఒక బైట్‌లో 256 విలువలు, 256ని 32 నిశ్శేషంగా భాగిస్తుంది. అదే 62 గుర్తులు (అంకెలు, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు) తీసుకుని శేషం పద్ధతిలో ఎంచితే మొదటి ఎనిమిది గుర్తులకు మిగతావాటికన్నా 25 శాతం ఎక్కువసార్లు అవకాశం వస్తుంది. 248 దాటిన విలువలు మళ్లీ మొదటి నుంచి చుట్టుకోవడమే కారణం. ఇది చాలా కోడ్‌లలో కనిపించే తప్పు.

అయినా మన పెద్దవాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలు వద్దనిపించింది నాకు. బి, డి, పి, టి ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకని తొమ్మిది రాండమ్ అంకెలు, పదోది లూన్ అంకె పెట్టాను. అంకె తీయడానికి బైట్ 250 కంటే తక్కువైతే పదితో శేషం తీసుకోవాలి, 250 నుంచి 255 దాకా వస్తే పారేసి ఇంకో బైట్ తీసుకోవాలి. ఆ పారేసేది నూటికి రెండున్నర కూడా ఉండదు. తొమ్మిది అంకెల్లో 260 కుటుంబాలకు ఢీ పడే అవకాశం సుమారు 30 వేలకు ఒకటి. అది కూడా వద్దనుకుంటే డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనీక్ నిబంధన పెట్టి, రెండోసారి వస్తే కొత్త నంబరు వేయించాలి. నాలుగంకెల రోజున నేను ఈ ఒక్క నిబంధన పెట్టి ఉన్నా బామ్మగారికి ఆ ఇబ్బంది వచ్చేది కాదు.

మరికొన్ని సంగతులు

పేజీలోని లిస్టుకు రియాక్ట్ కీ కావాలని గీసే ఫంక్షన్ లోపలే రాండమ్-యూయూఐడీ పిలిచేవాళ్లున్నారు. ప్రతిసారీ కొత్త కీ, కాబట్టి ప్రతిసారీ పాత పెట్టె పీకి కొత్తది పెడుతుంది. పేరు టైప్ చేస్తుంటే ఒక్కో అక్షరానికీ కర్సర్ ఎగిరిపోతుంది. ఐడీ డేటా పుట్టినప్పుడు ఒకసారి వేయాలి, తర్వాత దానితోనే ఉండాలి. పేజీ వరకే చాలనుకునే లేబుల్ ఐడీలకు జెన్‌సిమ్ లాంటి మామూలు లెక్కింపు చాలు, రాండమ్ అనవసరం.

పూర్తిగా రాండమ్ ఐడీలు డేటాబేస్ ఇండెక్స్‌లో చెల్లాచెదురుగా పడతాయి. డేటామిక్, డేటాస్క్రిప్ట్ వాడేవాళ్లకు స్క్విడ్ అనే ఫంక్షన్ తెలిసే ఉంటుంది. ముందు 32 బిట్లలో సమయం పెట్టి మిగతాది రాండమ్‌గా ఉంచుతుంది, కొత్తవన్నీ పక్కపక్కన చేరతాయి. 2024 ప్రమాణంలోని ఏడో రకం కూడా అదే దారి. 48 బిట్లు మిల్లీసెకన్ల సమయం, 74 బిట్లు రాండమ్. కాకపోతే ఐడీ చూసినవారికి అది ఎప్పుడు పుట్టిందో తెలిసిపోతుంది. వైద్య శిబిరం నమోదు లాంటి వాటికి నేనైతే వాడను.

చివరిగా, ఐడీని తాళం చెవి అనుకోకండి. లింకు చివర వరుస నంబరు పెట్టి, 117ని 118 చేస్తే పక్కింటి పిల్లల పేర్లు, అలర్జీలు, ఫోన్ నంబరు కనిపించే ఫారాలు నేను చూశాను. రాండమ్ ఐడీ పెడితే ఊహించడం కష్టమవుతుంది గానీ, ఆ లింకు వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ అయితే అందరి చేతుల్లో ఉన్నట్టే. యూయూఐడీ తెలిసినంత మాత్రాన అనుమతి ఇచ్చేయవద్దని ప్రమాణ పత్రమే హెచ్చరిస్తుంది. పిల్లల వివరాల పేజీకి లాగిన్ ఉండాల్సిందే.

మరుసటి ఏడాది ఉగాదికి పదంకెల కూపన్ 345 678 9012 లాగా మూడు ముక్కలుగా అచ్చువేయించాం. స్కానర్ ఆగిపోయి గంటసేపు నంబర్లు చేత్తో కొట్టాల్సి వచ్చింది. తప్పుగా కొట్టిన ప్రతిదాన్నీ లూన్ అంకె అక్కడికక్కడే పట్టింది. "మళ్లీ చెప్పండి అమ్మమ్మా" అనడమే తప్ప, "వాడేశారు" అనే మాట ఆ రోజు ఎవరికీ వినిపించలేదు.